తలనొప్పి సంబంధం

ఆగస్టు 3, ఆదివారం

కొత్త ఫోన్ వచ్చింది. ఆయన రూమ్మేట్ ఒకతను సెలవు మీద ఊరొచ్చి, పనిగట్టుకుని మా ముక్తేశ్వరం దాకా తెచ్చి ఇచ్చి, మజ్జిగ తాగి వెళ్ళాడు.

సీల్ నేనే తీశాను. లేత నీలం రంగు. చేతిలో పెట్టుకుంటే సబ్బుబిళ్ళలా జారుతోంది. స్క్రీన్ మీద నలుపు ఎంత నలుపో. పాత ఫోన్‌లో నలుపంటే బూడిద రంగే అని ఇది చూశాక తెలిసింది.

"ఆయన" అని రాసేశాను. ఇంకా పెళ్ళి కాలేదు. కానీ సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు అని ప్రతిసారీ రాయాలంటే పేజీ చాలదు. ఆయన అనే ఉండనీ. మస్కట్‌లో ఒక పెద్ద బిల్డింగుకి ఏసీలు చూసే పని. శివకోడు వాళ్ళు. మే నెలలో సెలవుకి వచ్చినప్పుడు పెళ్ళిచూపులు, అదే సెలవులో నిశ్చితార్థం. కార్తీకంలో పెళ్ళి. ఎదురుగా చూసింది మొత్తం మూడుసార్లు. అందులో ఒకసారి బట్టల కొట్లో, వాళ్ళ అక్క కుసుమ గారి వెనకాల సంచులు పట్టుకుని నిలబడి ఉన్నారు.

నా పాత ఫోన్ అమ్మకి ఇచ్చాను. స్క్రీన్ మీద మూల నుంచి మూలకి పగులుంది. అమ్మ అది పట్టించుకోలేదు. అక్షరాలు పెద్దవి చేసి పెట్టమంది, అంతే.

ఆగస్టు 5, మంగళవారం

కొత్త ఫోన్‌లో మొదటి వీడియో కాల్. ఆయన డ్యూటీ దిగి రూముకి చేరేసరికి మనకి ఏడున్నర. ఈ వానల్లో ఆ వేళకి వసారాలో లైటు వేస్తే ఉసిళ్ళు. జుట్టులోకి, జాకెట్టులోకి, మంచినీళ్ళ చెంబులోకి. అందుకని లైటు ఆపేసి, ఫోన్ వెలుతురు కూడా బాగా తగ్గించుకుని మంచం మీద కూచున్నాను. చీకట్లో ఆయన మొహం ఒక్కటీ వెలుగుతోంది. పాత ఫోన్‌లో ఆయనకి మీసం ఉందని మాత్రమే తెలిసేది. ఇందులో ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు కూడా కనిపించింది. అడిగాను. చిన్నప్పుడు కొబ్బరిమట్ట తగిలిందన్నారు.

చాలాసేపు మాట్లాడుకున్నాం. ఎక్కువ ఆయనే. చేపల పులుసు ఎలా చెడిపోయిందో మొదటి నుంచీ చెప్పారు. బాగానే ఉంది వినడానికి.

పడుకోబోయే ముందు తల కొంచెం బరువు. ముసురు వల్ల అనుకుంటా.

ఆగస్టు 9, శనివారం

బస్సులో అమలాపురం కాలేజీకి నిలబడే వెళ్ళాను. ఫస్టియర్ వాళ్ళకి పువ్వు భాగాలు. మందార పువ్వులు తెమ్మంటే సగంమంది ముద్దమందారం తెచ్చారు. రేకలు తప్ప ఏమీ కనపడవు అందులో. అయినా క్లాసు బాగా జరిగింది. నాకు ఈ ఉద్యోగం ఇష్టం. ఇది ఎక్కడా రాసుకోలేదు ఇన్నాళ్ళూ, అందుకని రాస్తున్నాను.

సాయంత్రం కాల్. తర్వాత తలనొప్పి. కళ్ళ వెనకాల ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టు.

ఆగస్టు 12, మంగళవారం

మళ్ళీ. ఆయన ఫోన్ పెట్టేశాకే.

ఆగస్టు 16, శనివారం

పగలంతా బాగుంటాను. క్లాసులు చెప్తాను, తింటాను, బస్సులో కునికిపాట్లు పడతాను. సాయంత్రం ఆయనతో మాట్లాడుతుంటే కాసేపటికి మొదలు. ముందు కళ్ళు లాగుతాయి. తర్వాత తల. తర్వాత కడుపులో తిప్పుతుంది. పక్కకి చూస్తే కాస్త నయం. అందుకని మాట్లాడుతూ గోడకేసి చూస్తున్నాను.

ఈ కడుపులో తిప్పడం నాకు కొత్త కాదు. ఇదివరకు తప్పిపోయిన కొత్తపేట సంబంధం అప్పుడూ ఇలాగే ఉండేది. అతను ఫోన్ చేస్తే చాలు, లోపల మెలిపెట్టేది. అందరూ పెళ్ళి కంగారు అన్నారు. నేనూ అలాగే అనుకుని ఊరుకున్నాను. తీరా శుభలేఖలు పంచాక తెలిసింది, అతనికి వైజాగ్‌లో వేరే కాపురం ఉందని. అప్పుడు అనుకున్నాను, మన కడుపుకి మనకంటే ముందే తెలుస్తుంది, ఇంక ఎప్పుడూ దాని మాట వినాలి అని.

ఇప్పుడు అదే కడుపు.

ఆగస్టు 19, మంగళవారం

కాలేజీ అయ్యాక కళ్ళ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. పవర్ ఏమీ మారలేదు, కళ్ళు కొంచెం ఎండిపోతున్నాయి, చుక్కలు వేసుకోండి, బాగా నిద్రపొండి అన్నారు. పెళ్ళి కుదిరిందా అని కూడా అడిగారు. ఎలా తెలిసిందో.

ఇంటికి రాగానే మామ్మ ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని సిద్ధంగా ఉంది. సూరమ్మ మామ్మ దిష్టి తీస్తే ఊళ్ళో దూడలు కూడా లేచి నిలబడతాయని పేరు. పొయ్యిలో వేస్తే ఒక్క మిరపకాయా ఘాటు రాలేదు, చూసేవే బుల్లీ, ఎంత దిష్టో అంది. నాకు మటుకు బాగా దగ్గు వచ్చింది.

అమ్మ పక్కకి పిలిచి సూటిగా అడిగింది. ఆ అబ్బాయి ఏమన్నా కానిమాట అంటున్నాడా అని. లేదన్నాను. నిజంగానే లేదు. ఏం వండుకున్నారో చెప్తారు. నా క్లాసు గురించి అడుగుతారు. అక్కడ బిల్డింగు ముందు ఏవో గన్నేరు చెట్లున్నాయట, ఆకు ఫోటో పంపి ఇది గన్నేరేనాండి అని అడిగారు. గన్నేరే.

ఒక్క తప్పూ లేని మనిషి. నాకు ఆ మనిషితో మాట్లాడితే వాంతి వస్తోంది.

ఆగస్టు 24, ఆదివారం

నిజంగానే అయింది, వాంతి. ఆయన సాంబారు పొడి గురించి చెప్తుండగా బస్సు వచ్చిందని అబద్ధం చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆదివారం సాయంత్రం, ఇంట్లో కూచుని, బస్సు వచ్చింది అన్నాను. ఆయన సరేనండి, జాగ్రత్తగా వెళ్ళండి అన్నారు.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. పొద్దున్నే అయినవిల్లి వెళ్ళాం. క్యూ రోడ్డు దాకా ఉంది. అమ్మ ఉండ్రాళ్ళు బాగా కుదిరాయి. మధ్యాహ్నం అందరం కింద పడుకుని నిద్రపోయాం.

ఆయనకి డ్యూటీ మారి కాల్ కుదరలేదు. సాయంత్రం తల తేలిగ్గా ఉంది. పొద్దుపోయేదాకా మామ్మతో గవ్వలాట ఆడాను. ఆయన మాట్లాడని రోజు నాకు హాయిగా ఉంది. ఇది రాస్తుంటే బాగా లేదు. కానీ రాయకపోతే ఇంకెక్కడ చెప్పుకోను.

ఆగస్టు 30, శనివారం

అమ్మకి చెప్పాను. నాకు ఈ సంబంధం పడదేమో అనిపిస్తోంది అని.

అమ్మ కొబ్బరి కోరుతోంది. ఆపలేదు. చిప్ప ఖాళీ అయ్యేదాకా కోరి, చెయ్యి కడుక్కుని, అప్పుడు వచ్చి నా పక్కన కూచుంది. కిందటిసారి నువ్వు చెప్పలేదు, ఈసారి చెప్పేవు, అదే చాలమ్మా అంది. ఏడవడానికి నేను సిద్ధంగా ఉన్నాను కానీ అమ్మ ఏడవలేదు కాబట్టి నేనూ మానేశాను.

నాన్నకి అమ్మే చెప్పింది. నాన్న తోటలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, నీకు ఇష్టం లేపోతే లేదమ్మా అన్నారు. తుడుచుకుంటూ, కారణం మటుకు నాకు కావాలి, శివకోడు వెళ్ళి పెద్దమనుషుల ముందు నేనేం చెప్పాలి అన్నారు.

మీ అబ్బాయితో మాట్లాడితే మా అమ్మాయికి తల నొప్పెడుతోందండి. ఇదీ కారణం. నాన్న నోట ఊహించుకుంటేనే తల దించుకోవాలనిపించింది.

సెప్టెంబరు 1, సోమవారం

ఆయనకి చెప్పాను. కొన్నాళ్ళు కాల్స్ వద్దు, నేను కొంచెం ఆలోచించుకోవాలి అన్నాను. గోడకేసి చూస్తూనే చెప్పాను.

  ఆయ్, అలాగేనండి అన్నారు. నేనేమన్నా తప్పుగా మాట్లాడేనాండి అని అడిగారు. లేదన్నాను. ఫోను బాగా పనిచేస్తోందాండి అన్నారు. బాగా పనిచేస్తోందన్నాను.

సెప్టెంబరు 2, మంగళవారం

తలనొప్పి లేదు. రెండుసార్లు అన్నం తిన్నాను.

సెప్టెంబరు 4, గురువారం

లేదు.

దీన్నిబట్టి తేలిపోయినట్టే. తేలితే సంతోషంగా ఉండాలి కదా. బస్సులో పక్కనావిడ ఫోన్‌లో ఎవరితోనో పులుసులో బెల్లం ఎంత వెయ్యాలో చెప్తోంది. దిగేదాకా విన్నాను.

సెప్టెంబరు 6, శనివారం

ఇది రాస్తున్నప్పుడు కూడా తల పగిలిపోతోంది. అయినా రాయాలి.

సోమవారం క్లాసుకి స్టొమాటా గురించి మంచి వీడియో వెతుకుదామని సాయంత్రం వసారాలో కూచున్నాను. లైటు ఆపేసి. ఉసిళ్ళు ఇంకా వస్తున్నాయి. ఆకు అడుగున చిన్న నోళ్ళు తెరుచుకోవడం, మూసుకోవడం, చక్కగా తీశారు ఎవరో. ఒకటి చూశాను, ఇంకోటి చూశాను. కళ్ళు లాగాయి. తల. కడుపు. అదే వరస. పెరట్లోకి పరిగెత్తాను.

ఆయన ఫోన్ చెయ్యలేదు. ఎవరూ చెయ్యలేదు. స్టొమాటాతో నాకు ఏ గొడవా లేదు.

అమ్మ వీపు రాస్తూ, మళ్ళీ అబ్బాయి ఫోన్ చేసేడా అంది. కాదమ్మా, ఆకులు అన్నాను. అమ్మ నా నుదురు పట్టుకు చూసింది.

సెప్టెంబరు 8, సోమవారం, మధ్యాహ్నం, స్టాఫ్ రూమ్

ఇప్పుడే రాయకపోతే మర్చిపోతాను.

ఫిజిక్స్ అంజిబాబు గారితో మామూలుగా అన్నాను, ఈ ఫోన్‌లో వీడియో చూస్తే తలనొప్పి వస్తోందండి అని. ఆ మాస్టారికి ఎవరన్నా ఏదన్నా అడిగితే చాలు, పండగ. ఫోన్ తీసుకుని వెలుతురు బాగా తగ్గించారు. తెల్లటి పేజీ ఒకటి తెరిచారు. తన ఫోన్ కెమెరా దాని మీద పెట్టి, ఏవో సెట్టింగులు మార్చి, ఇప్పుడు చూడండి మేడమ్ అన్నారు. నా ఫోన్ స్క్రీన్ మీద నల్లటి చారలు. చాప మీద చారల్లాగా, ఒకదాని వెనక ఒకటి కిందకి పాకుతున్నాయి. కళ్ళతో చూస్తే ఏమీ లేవు. కెమెరాలో ఉన్నాయి.

తర్వాత కిటికీ తలుపు మూసి, ఆ స్క్రీన్ ముందు పెన్సిల్ గబగబా ఊపారు. మామూలుగా ఊపితే విసనకర్రలా ఒకటే మసక కనపడాలి. ఇక్కడ పది పెన్సిళ్ళు విడివిడిగా కనిపించాయి.

అంజిబాబు గారు చెప్పింది నాకు అర్థమైనంత వరకు: ఇలాంటి స్క్రీన్లలో చాలావాటికి వెలుతురు తగ్గించమంటే నిజంగా తగ్గించవు. వెలిగించి ఆర్పి, వెలిగించి ఆర్పి, ఎక్కువసేపు ఆర్పి ఉంచుతాయి. సెకనుకి వందలసార్లు. కన్ను దాన్ని కలిపేసుకుని, మసక వెలుతురు అనుకుంటుంది. చాలామందికి ఏమీ కాదు. కొందరి తలకి పడదు. ఎందుకు కొందరికే అంటే అది మీ బాటనీ వాళ్ళే చెప్పాలండి అని నవ్వారు. బాటనీకి తలకాయలు ఉండవని చెప్పాను. చీకట్లో, వెలుతురు బాగా తగ్గించి చూస్తే ఎక్కువ ఇబ్బందట. నేను రోజూ చేసింది సరిగ్గా అదే.

ఫోన్ ఒక పీరియడ్ అప్పు ఇవ్వమని తీసుకుపోయారు. సెకండియర్ క్లాసులోంచి ఊఁ ఊఁ అని వినిపిస్తోంది. అందరూ పెన్నులు ఊపుతున్నట్టున్నారు.

అదే రోజు, సాయంత్రం

ల్యాబ్‌లో పిల్లలకి చెప్పినట్టే చేశాను. అమ్మ దగ్గర నా పాత ఫోన్ తీసుకుని, వసారాలో, చీకట్లో, వెలుతురు తగ్గించి, అదే స్టొమాటా వీడియో పెట్టుకుని చూశాను. ఏమీ లేదు. మళ్ళీ మొదటి నుంచి చూశాను. ఏమీ లేదు. అమ్మ వచ్చి నా సీరియల్ అయిపోతోందే అంది. ఇచ్చేసి, కొత్త ఫోన్ తీసి, వెలుతురు తగ్గించి కూచున్నాను. కాసేపటికే కళ్ళ వెనక బొటనవేలు వచ్చింది. ఆపేశాను. ఈసారి తల నొప్పెడుతుంటే నవ్వొచ్చింది.

ఫోనే. మనిషి కాదు.

అలా అని మనిషి మీద ఇష్టం ఉన్నట్టు కూడా కాదు కదా. తలనొప్పి ఎవరిదో తేలింది. ఇష్టం సంగతి తేలలేదు. ఇన్నాళ్ళూ ఆయన చెప్పింది సగం వినలేదు నేను. గోడనే చూశాను. మా వసారా గోడ మీద సున్నం ఎక్కడెక్కడ పెచ్చులూడిందో నాకు బాగా తెలుసు. ఆయన గురించి అంత తెలీదు.

సెప్టెంబరు 9, మంగళవారం

ఏడున్నరకి నేనే చేశాను. పాత ఫోన్‌లో. మొదటి రింగుకే ఎత్తారు. పగులు సరిగ్గా ఆయన మొహం మీదుగా పోతోంది, మీసం ఒక పక్కకి జరిగినట్టు ఉంది.

నేను ముందే అనుకున్న మాటలన్నీ మర్చిపోయాను. అంతా చెప్పేశాను. తలనొప్పి, కళ్ళ డాక్టరు, మిరపకాయలు, బస్సు అబద్ధం, అమ్మకి ఏం చెప్పానో, నాన్న ఏం అడిగారో. కొత్తపేట సంబంధం గురించి కూడా చెప్పాను. అది వాళ్ళకి తెలుసు, కానీ నా నోటితో ఆయనకి చెప్పడం మొదటిసారి. తర్వాత పెన్సిల్ సంగతి.

ఆయన మొత్తం విన్నారు. అప్పుడు అడిగారు.

"అయితే నా మొహం కాదాండి?"

కాదండి అన్నాను.

అప్పుడు ఆయన చెప్పడం మొదలుపెట్టారు. ఆగస్టు నుంచీ చూస్తున్నారట, నేను కళ్ళు చిట్లించడం, మొహం పక్కకి తిప్పడం. మొదట మీసం వల్ల అనుకుని సన్నగా కత్తిరించారట. రెండు రోజులకోసారి రూమ్మేట్ చొక్కాలు అరువు తెచ్చుకున్నారట. కిటికీ దగ్గర కూచున్నారట, బల్బు కింద కూచున్నారట. నేను ఒక్కటీ గమనించలేదు. మరీ ఇబ్బందిగా ఉందని రూమ్మేట్‌ని అడిగితే, ఆడవాళ్ళకి వంటల కబుర్లు ఇష్టంరా, అవి చెప్పు అన్నాడట. అందుకని ప్రతిరోజూ ఏదో ఒకటి వండటం, అది చెప్పడం.

"నాకు వంట రాదండి. మీకోసమే నేర్చుకున్నాను, ఆ సాంబారు."

మరి ఫోన్ ఎందుకు కొన్నారు అని అడిగాను. మొహం బాగా కనపడే స్క్రీన్ ఏదని కొట్లో అడిగారట. వాళ్ళు ఇదే ఇచ్చారట.

నాకు నవ్వాగలేదు. ఆయనా నవ్వారు. నవ్వితే కొంచెం గురక లాంటి శబ్దం వస్తుంది ఆయనకి. ఇన్నాళ్ళూ తెలీదు. అమ్మ గరిటె పట్టుకుని బయటికి వచ్చి, మమ్మల్ని చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 10, బుధవారం

ఇంట్లో చెప్పాను. అమ్మ నమ్మలేదు. పెన్సిల్ ఊపి చూపించాను. అయితే వద్దనుకోవడం లేదా అంది. ఇంకా కావాలనుకోవడం దాకా కూడా రాలేదమ్మా, మొదటి నుంచి మొదలుపెడుతున్నాం అన్నాను. అమ్మకి అది చాలు. అయినవిల్లి స్వామికి చెప్పేసేను, సంబంధం తప్పిపోయినా నా పిల్ల బాగుండాలని, ఇప్పుడు మళ్ళీ వెళ్ళి సంగతి చెప్పుకోవాలి అంది.

మామ్మ మాత్రం దిష్టి ఫోనుకే తగిలిందని తేల్చేసింది. దానికి కూడా ఉప్పు తిప్పింది.

నాన్న ఒకటే అన్నారు. అయితే ఆ ఫోను నాకియ్యమ్మా అని. తోటలో ఎండలో వెలుతురు పూర్తిగా పెంచుకుని చూస్తున్నారు. ఏమీ లేదట. బ్రహ్మాండంగా ఉందట.

సెప్టెంబరు 14, ఆదివారం

దెబ్బలాడుకున్నాం.

ఫ్యామిలీ వీసాకి కంపెనీలో అడిగి ఉంచానండి అన్నారు మధ్యాహ్నం. మామూలుగా, ఉప్పు తెచ్చాను అన్నట్టు. నన్ను అడిగారా అన్నాను. మస్కట్ రావడం ఇష్టం లేదాండి అన్నారు. ఇష్టమా కాదా తర్వాత, నాకు ఇక్కడ ఉద్యోగం ఉందన్న సంగతి గుర్తుందా అన్నాను. పిల్లలకి పువ్వు భాగాలు అక్కడ కూడా చెప్పుకోవచ్చండి అన్నారు. అక్కడితో నాకు బాగా కోపం వచ్చింది. ఏమేం అన్నానో అన్నీ గుర్తు లేవు. ఆయన కూడా తగ్గలేదు. ఆయన గొంతు పెంచరు, ఇంకా మెల్లగా మాట్లాడతారు, ప్రతి మాటకీ అండి తగిలించి. దానికి ఇంకా ఒళ్ళు మండుతుంది.

చివరికి ఆయనే అన్నారు, ఈ మాట ఆగస్టులోనే మాట్లాడుకోవాల్సిందండి, నేను భయపడి సాంబారు పొడి గురించి చెప్పేను అని.

మార్చి దాకా, పరీక్షలయ్యే దాకా నేను కదలను. తర్వాత ఒకసారి వెళ్ళి ఆ ఊరు చూస్తాను. చూశాక మాట్లాడుకుంటాం. ఆయన కూడా ఎప్పటికైనా అమలాపురంలో సొంతంగా ఏసీల సర్వీసు పెట్టాలనే అనుకుంటున్నారట. ఎప్పటికైనా అంటే ఎప్పుడు అన్నాను. అది కూడా మాట్లాడుకుంటాం అన్నారు.

ఏమీ తేలలేదు. అయినా ఫోన్ పెట్టేశాక ఆకలేసింది.

సెప్టెంబరు 21, ఆదివారం

ఆయన జేబులో ఇప్పుడు పెన్సిల్ ఉంటోందట. డ్యూటీలో ఎవరి ఫోన్ కనపడితే వాళ్ళ ఫోన్ ముందు ఊపుతున్నారట. రాయవరం అబ్బాయి ఒకడు వాళ్ళ రూములో ఏడాదిగా తలనొప్పి మాత్రలు మింగుతున్నాడట. వాడి ఫోన్ పరీక్ష చేసి, సెట్టింగుల్లో ఏదో మార్చి ఇస్తే ఇప్పుడు నయంగా ఉందట. వాడు ఈయన్ని డాక్టరు గారూ అంటున్నాడట.

గొప్పగా చెప్పుకున్నారు. నేనూ గొప్పగానే విన్నాను.

సెప్టెంబరు 26, శుక్రవారం

దసరా సెలవులు. ఈరోజు వీడియో వద్దు, ఊరికే మాట్లాడదాం అన్నాను. పాత ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకున్నాను. ఆయన రూములో ఎవరో ఏదో వేయిస్తున్నారు. పోపు చిటపటలు వినిపించాయి. వెనకాల ఎవరో అరవంలో పాడుతున్నారు. ఆయన వాళ్ళ నాన్నగారి గురించి చెప్పారు. చిన్నప్పుడే పోయారట, బీడీ వాసన ఒక్కటే గుర్తుందట. చెప్పాక, ఇది ఎవరికీ చెప్పలేదండి ఇదివరకు అన్నారు.

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను, అంతే. ఏమీ అనకపోయినా ఫర్వాలేదని తెలిసింది.

అక్టోబరు 3, శుక్రవారం

ఆయన సెలవు ఖాయమైంది. నాన్న పెళ్ళిపందిరికి తాటాకులు చెప్పి వచ్చారు. నేను అవునని ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు. నేను పసుపు రంగు చీర పక్కన పెట్టడం అమ్మ చూసింది, అంతే.

అక్టోబరు 11, శనివారం

రాజమండ్రిలో దిగేరట. కుసుమ గారు ఫోన్ చేసి చెప్పారు. రేపు అందరం కోటిపల్లి గుడికి.

అక్టోబరు 12, ఆదివారం

పంటు మీద గోదారి దాటుతుంటే తెలిసింది. ఆయనకి నీళ్ళంటే భయం. ఇన్నేళ్ళు సముద్రం ఒడ్డున ఉన్న మనిషి. నడిమధ్యలో, చెయ్యి పట్టుకోలేక, పట్టుకోకుండా ఉండలేక, నా గాజులు పట్టుకున్నారు. చెయ్యి కాదు. గాజులే. అటు అమ్మ, ఇటు కుసుమ గారు, ఇద్దరూ నీళ్ళకేసి చూస్తున్నారు.

ఒక గాజు పెరిగింది. పగిలింది అనకూడదు.

మిగతావి పట్టుకునే ఉన్నారు, అవతలి ఒడ్డు దాకా.